పేరున్న తుపాకి

గుట్టకిందిపల్లెకు కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా తుపాకోళ్ల ఇల్లెక్కడని అడిగితే, రెండు తుపాకులున్న రెడ్డిగారి మేడను ఎవరూ చూపించరు. ఊరు దాటించి, వాగు దాటించి, పాళెంలో చర్చి వెనకున్న రేకుల ఇల్లు చూపిస్తారు. ఆ ఇంట్లో కొడవలి, కత్తిపీట తప్ప ఆయుధమన్నది లేదు. అయినా తుపాకోళ్లు వాళ్లే. తుపాకి ఒకరిది, పేరొకరిది. లోకంలో ఇట్లాంటి పంపకాలకు కొదవ లేదు గాని, తన వాటాకు వచ్చిన ఈ పేరును ఎక్కడ దింపుకోవాలో అరవై ఏళ్లు దగ్గర పడుతున్నా సైమన్‌కు తెలియలేదు.

ఆ బుధవారం పొద్దున రెడ్డిగారి వసారాలో గోనెపట్టా పరుచుకుని సైమన్ ఆ రెండు తుపాకులనూ తుడుస్తున్నాడు. పెద్దరెడ్డి రామనారాయణ ఎండాకాలంలో పోయాడు. ఆయన పోగానే తుపాకులను ఉదయగిరి స్టేషన్‌లో అప్పగించాల్సి వచ్చింది. కొడుకు ప్రశాంత్ నెల్లూరులో కాంట్రాక్టులు చేస్తాడు. అతను లైసెన్సు తన పేరుకు మార్పించుకుని నిన్ననే వాటిని ఇంటికి తెచ్చాడు. ఇన్నాళ్లూ స్టేషన్ గోడకు ఆనుకుని ఉండటంతో ఇనుము మీద ఎర్రటి పొర, కట్టె మీద బూజు చేరాయి. సైమన్ పాత పంచె చింపి పేలికలు చేసి, కిరసనాయిల్లో ముంచి, ఇనపచువ్వకు చుట్టి గొట్టంలోకి దించాడు. చువ్వను తిప్పుతూ దించాలి, తిప్పుతూ లాగాలి. ఊరికే పొడిస్తే గుడ్డ లోపలే ఇరుక్కుంటుంది. ఈ పని అతనికి వాళ్ల నాయన రమణయ్య నేర్పాడు. రమణయ్యకు వాళ్ల నాయన నేర్పాడు. మూడు తరాలుగా లైసెన్సు రెడ్లది, మోత వీళ్లది.

చూడటానికి రెండూ కవలపిల్లలు. మొదటి యుద్ధం నాటి మిలిటరీ రైఫిళ్లు. యుద్ధానికి మనుషుల్నీ, ఎద్దుబండ్లనీ పోగుచేసి పంపినందుకు తెల్లదొరలు పెద్దరెడ్డి తాత పెంచలరెడ్డికి బహుమానంగా ఇచ్చారని చెప్పుకుంటారు. రెండింటికీ తేడా ఒక్కటే. ఒకదానికి తూటాను లోపలికి తోసే బోల్టు పక్కన ఇనుము మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఉన్నాయి. డి, పి. అందుకని దాన్ని పేరున్న తుపాకి అనీ, రెండోదాన్ని పేరులేంది అనీ అంటారు.

"సైమన్, ఆ అక్షరాలు బాగా రుద్దు. ఫొటోలో మెరవాల," అన్నాడు ప్రశాంత్ సెల్‌ఫోన్ పట్టుకుని. "డి అంటే దొంతాల, పి అంటే పెంచలరెడ్డి. ఇంటిపేరుతో సహా ఇనుములో కొట్టి పంపినారంటే తెల్లోళ్లు మా ముత్తాతకి ఎంత మర్యాద ఇచ్చినారో చూడు."

"అవునబ్బయ్యా. మా నాయన నాకు నేర్పిన ఇంగ్లీషు ఈ రెండక్షరాలే," అన్నాడు సైమన్. కొబ్బరినూనె అద్దిన పేలికను బొటనవేలికి చుట్టి, డి కడుపులోనూ పి తలలోనూ పేరుకున్న మురికిని తీశాడు.

మేడలో హాలు గోడకు అద్దాల పెట్టె బిగించి తుపాకులను అందులో పెట్టాలని ప్రశాంత్ కోరిక. కింద ఇత్తడి పలక. ఆ పలక మీద వాటి చరిత్ర. ఏ రెజిమెంటువి, ఏ యుద్ధం చూశాయి, ఎవరి చేతుల మీదుగా వచ్చాయి, అన్నీ కనుక్కోవాలి. ఆత్మకూరులో జనార్దనయ్య అని ఒకాయన ఉన్నాడు. మిలిటరీలో తుపాకుల మరమ్మతు చేసి రిటైరయ్యాడు. రేపు ఆయన దగ్గరికి పోదాం, నువ్వూ రావాలి అన్నాడు ప్రశాంత్. సరేనన్నాడు సైమన్. తుపాకి ఎక్కడికి పోతే అక్కడికి వాళ్లింటి మగవాడు పోవడం కొత్త కాదు. పెద్దరెడ్డి పెళ్లికి పోయినా ఓట్లకు పోయినా, పేరున్న తుపాకిని భుజాన వేసుకుని వెనకాల రమణయ్య నడవాల్సిందే. చేతికి తూటా మాత్రం ఎన్నడూ ఇచ్చేవాళ్లు కాదు. అది ఊరేగింపుకే పనికొచ్చే తుపాకి.

అట్లాంటి తుపాకి పేలి ఏసోబు చచ్చిపోయాడు. సైమన్‌కు అప్పుడు పదేళ్లు దాటాయో లేదో. ఆ రోజుకు మాత్రం పెద్దరెడ్డి తూటా ఇచ్చాడనీ, పందిని కొట్టబోతే గట్టున గడ్డి కోసుకుంటున్న ఏసోబుకు తగిలిందనీ రమణయ్య పోలీసుల ముందు ఒప్పుకున్నాడు. కోర్టులో ఒప్పుకున్నాడు. చర్చిలో సంఘం ముందు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాడి తుపాకిని విప్పి చూసే తీరిక ఎవరికుంటుంది? జైలుకు పోయి, శిక్ష అయిపోయి, వచ్చాక బతికినన్నాళ్లూ పది మాటలకు ఒక మాట మాట్లాడి పోయాడు. ఏసోబు పరాయివాడు కాదు, రమణయ్యకు తోడల్లుడు. అక్క మార్తమ్మను ఏసోబు చేసుకుంటే చెల్లెలు శీనమ్మను రమణయ్య చేసుకున్నాడు. రెండిళ్ల మధ్య నాలుగు గడపలే. ఆ నాలుగు గడపలూ ఆనాటి నుంచీ ఎవరూ దాటలేదు.

మధ్యాహ్నం సైమన్ ఇంటికి పోయేసరికి తల్లి శీనమ్మ నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎనభై దాటిన మనిషి, వానాకాలం మొదలైనప్పటి నుంచి అన్నం మానేసి గంజి మీద బతుకుతోంది. సైమన్ భార్య జెస్సీ చెంచాతో పోస్తే రెండు గుటకలు మింగి చాలంటుంది. కోడలు విసుక్కోదు గాని, గిన్నె పక్కన పెట్టేటప్పుడు మొగుడి ముఖంలోకి చూస్తుంది. ఆ చూపుకు అర్థం ఇద్దరికీ తెలుసు.

"అక్క ఎట్టుండాది?" అంది శీనమ్మ, కొడుకు చెప్పుల చప్పుడు విని.

"బాగానే ఉండాది. పొద్దున అరుగు మీద కూసోనుండె."

"ఈ ఆదివారం బల్ల గదా?"

"అవునుమా."

నెలకో ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల. రొట్టె ముక్కల పళ్లెం వరసగా చేతులు మారుతూ వస్తుంది. శీనమ్మ దగ్గరికి వచ్చినప్పుడు ఆమె పళ్లెం పట్టుకుని, తీసుకోకుండా పక్కవాళ్లకు అందిస్తుంది. సంఘం వాళ్లెవరూ ఆమెకు బల్ల ఆపలేదు. రమణయ్యకు ఆపారు, జైలు నుంచి వచ్చాక మళ్లీ ఇచ్చారు. ఆమెకు ఆమే ఆపుకుంది. తోడబుట్టినదానితో సమాధానపడకుండా, కలిసిపోకుండా ఆ రొట్టె నా గొంతు దిగదు అంటుంది. చర్చి అయ్యగార్లు ఎందరో మారారు, అందరూ చెప్పి చూశారు. ఇప్పుడు ఆ రొట్టె అందకుండానే పోతానేమోనన్న భయం ఆమెను లోపల తొలుస్తోంది. తల్లి ఆకలి ఏమిటో తెలిసీ పెట్టలేని కొడుకు బాధ సైమన్‌ది.

*

జనార్దనయ్య ఇల్లు ఆత్మకూరు బస్టాండు వెనక సందులో ఉంది. మనిషి లావు, మీసం ఇంకా లావు, మాట అన్నిటికంటే లావు. వచ్చినవాళ్లకు కాఫీ వచ్చేలోపలే తాను ఏ కొండల్లో పనిచేసిందీ, ఏ జనరల్ తన భుజం తట్టిందీ చెప్పేశాడు. తర్వాత బల్ల మీద దుప్పటి పరిచి, కళ్లద్దాలు తుడుచుకుని, "ఏదీ, ఇట్టియ్యి," అన్నాడు.

మొదట పేరులేనిదాన్ని అందుకున్నాడు. బోల్టు లాగి, గొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. "ఇది పనిచేసిన తుపాకి బాబూ. బాగా పేలింది. మిలిటరీవాళ్లు వదిలేసినాక గొట్టం మార్పించి లైసెన్సుల మీద అమ్మినారు. పందుల్ని కొట్టుకునేదానికి దివ్యంగా ఉంటది."

ప్రశాంత్ ఫోన్‌లో రాసుకున్నాడు. "అసలుది అది కాదు సార్. ఇది చూడండి. మా ముత్తాత పేరు కొట్టించి ఇచ్చింది."

జనార్దనయ్య పేరున్న తుపాకిని చేతిలోకి తీసుకున్నాడు. అక్షరాల మీద వేలు పెట్టి ఒకసారి ప్రశాంత్ ముఖంలోకి చూశాడు, మళ్లీ అక్షరాలు చూశాడు. బోల్టు ఊడదీసి, దాని లోపల తూటాను పొడిచి పేల్చే సూదిని మర తిప్పి బయటికి లాగాడు. సూది కొన మొండిగా ఉంది. తర్వాత గొట్టం మీది కట్టె మరలు విప్పాడు. ఆ కట్టెను సైమన్ ఎన్నడూ విప్పి ఎరుగడు. దాని కింద, తూటా కూర్చునే చోట, వేలు పట్టేంత బెజ్జం ఉంది. నల్లగా, నున్నగా, ఏనాటి జిడ్డో పేరుకుని ఉంది.

జనార్దనయ్య నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి మంచినీళ్లు తాగాడు. "బాబూ, ఇది మీ ముత్తాత పేరు కాదు. డ్రిల్ పర్పస్. కొత్తగా చేరిన కుర్రోళ్లకి కవాతు నేర్పేదానికి ముసలిదైపోయిన తుపాకిని ఇస్తారు. వాళ్లు తెలిసీ తెలియక కాల్చుకుని చావకుండా సూది కోసేస్తారు, ఇదిగో ఈడ బెజ్జం పొడుస్తారు, గుర్తుకి డి, పి అని కొడతారు. ఇట్టాంటివి వేలుండాయి. అన్నీ పెంచలరెడ్డిగారివేనా?"

ప్రశాంత్ ముఖం ఎర్రబడింది. సైమన్ గోడవారగా నిలబడి ఉన్నాడు. చేతిలో నూనె పేలిక ఉంది. రెండడుగులు ముందుకు వచ్చాడు.

"సారూ, ఈ మధ్యలో ఎవురన్నా కోసుంటారా దాన్ని?"

"ఈ మధ్యనా? ఈ కోత మీది నలుపు చూడు. అక్షరాలు పడిన రోజే దీని ప్రాణం పోయింది. మీ చేతికి రాకముందే ఇది పీనుగ."

"అయితే ఇది ఎప్పుడూ పేల్లేదా?"

"ఎట్ట పేలుద్దయ్యా? దీంతో కాకిని చంపాలన్నా తిరగేసి పట్టుకుని కర్ర మాదిరి కొట్టాల్సిందే!"

ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు. సైమన్‌కు వినిపించలేదు. ఆ బెజ్జం వైపే చూస్తున్నాడు. కూర్చోమని ఎవరూ అనకముందే కింద కూర్చున్నాడు. నాయన కాల్చలేదు. ఆ మాట లోపల ఒకసారి అనుకున్నాడు. మళ్లీ అనుకున్నాడు. సంతోషం వస్తుందనుకుంటే రాలేదు. ఊళ్లో ఆనాడు పేలగలిగిన తుపాకి ఒక్కటే, అది తూటాతో రామనారాయణరెడ్డి చేతిలో తప్ప ఇంకొకరి చేతిలో ఎన్నడూ లేదు. చెరువు పోరంబోకులో ఏసోబు జొన్న చల్లాడని ఆయన కోపంగా ఉన్న సంగతి పిల్లవాడైన తనకే తెలుసు.

తిరుగుదారిలో ప్రశాంత్ కారు నడుపుతున్నాడు. రోడ్డు పక్క జామాయిల్ తోటలు వెనక్కు పోతున్నాయి. ఆత్మకూరు దాటాక, "సైమన్, ఆయన చెప్పింది మన ముగ్గురి మధ్యనే ఉండనీ. ఊళ్లో నగుబాటు. పెట్టె చేయించేదానికి ఇచ్చేసినా. పలక మీద మనం అనుకున్నట్టే రాయిస్తా. ఎవురు కట్టె విప్పి చూస్తారు?" అన్నాడు.

"అబ్బయ్యా, మా నాయన జైలుకు పోయింది ఈ తుపాకికే."

ప్రశాంత్ అద్దంలో వెనక సీటు వైపు చూడబోయి మళ్లీ రోడ్డు మీదికి చూపు తిప్పుకున్నాడు. చెడ్డవాడు కాదు. అతనికి ఆ క్షణంలో అంతా అర్థమైంది, అర్థమైనందుకే తొందరపడ్డాడు.

"నేనప్పటికి పుట్టలేదు సైమన్. మా నాయన పోయినాడు, మీ నాయనా పోయినాడు. పోయినోళ్లందరూ మంచోళ్లే. ఇప్పుడు తవ్వితే ఏమొస్తది చెప్పు? నీకు ఏం కావాలన్నా నన్నడుగు, నేనుండా."

చరిత్ర తవ్విస్తానని బయలుదేరినవాడు మొదటి గునపం పోటుకే పని చాలించాడు. పక్కనే దుప్పటిలో చుట్టి పడుకోబెట్టిన పేరున్న తుపాకి కారు ఊగినప్పుడల్లా సైమన్ తొడకు తగులుతోంది. దాన్ని దూరంగా జరపబోయి ఆగాడు. పాపం, అది మాత్రం ఏం చేసింది? ఆ ఊళ్లో తప్పు చేయనిది అదొక్కటే అనిపించింది.

*

తల్లికి వెంటనే చెప్పేయాలని సైమన్‌కు నోటిదాకా వచ్చింది. శుక్రవారమంతా మంచం చుట్టూ తిరిగాడు. కాని ఆమెకు కావలసింది మొగుడి నిర్దోషిత్వం కాదు, అక్క. పెద్దమ్మ మార్తమ్మ నమ్మకుండా తల్లి ఒక్కతే నమ్మితే ఏం లాభం, ఉన్న దుఃఖానికి తోడు ఇంకో దుఃఖం. ముందు పెద్దమ్మ చెవిన పడాలి. ఆమె లేచి ఆ నాలుగు గడపలూ దాటి రావాలి. అప్పుడు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చెప్పాలి. ఇదీ అతని లెక్క. పెద్దమ్మకు చెప్పాలంటే ఆమె కొడుకు మాల్యాద్రి దాటనివ్వాలి.

మాల్యాద్రి సైమన్ కంటే రెండేళ్లు పెద్ద. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఇప్పుడు ఎదురుపడితే ఒకరు చెప్పులు చూసుకుంటారు, ఒకరు ఆకాశం చూస్తారు. శనివారం పొద్దున అతను రెడ్డిగారి నిమ్మతోటలో నీళ్లు కడుతుంటే సైమన్ వెతుక్కుంటూ పోయాడు. బోరులో నీళ్లు తగ్గిపోయి, మోటారు సన్నటి ధార పోస్తోంది. మాల్యాద్రి లుంగీ ఎగ్గట్టి, పారతో ఒక పాది నిండగానే మట్టి వేసి మూసి, పక్క పాదికి తెరుస్తున్నాడు. ఒక చుక్క బయటికి పోనివ్వడు. ఆ తోటను పదిహేనేళ్లుగా అతనే చూస్తున్నాడు. అతని ఇల్లు కట్టుకున్న జాగా కూడా రెడ్డిగారిదే.

"అన్నా," అన్నాడు సైమన్.

మాల్యాద్రి పార ఆపలేదు. "చిన్నమ్మకి ఏమన్నా అయిందా?"

"లేదు. నీతో ఒక మాట చెప్పాల."

"చెప్పు."

సైమన్ చెప్పాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇత్తడి పలక దగ్గర మొదలుపెట్టి, జనార్దనయ్య నవ్వు, సూది మొండికొన, కట్టె కింద బెజ్జం, అన్నీ చెప్పాడు. పెద్దరెడ్డి పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు. మాల్యాద్రి వింటూ పార పట్టుకుని నిలబడ్డాడు. పాది నిండింది. నిండి, కట్ట మీదుగా పొర్లి, నడకదారిలోకి పారింది. అతను చూస్తూనే ఉన్నాడు గాని మట్టి వేయలేదు. నీళ్లు సైమన్ చెప్పుల కిందికి వచ్చాయి.

"అన్నా, నీళ్లు."

మాల్యాద్రి ఒక్కసారి ఉలిక్కిపడి రెండు పారల మట్టి వేశాడు. తర్వాత పార అక్కడే పడేసి గట్టు మీద కూర్చున్నాడు.

"ఎందుకు చెప్పినావురా నాకు?" అన్నాడు తల ఎత్తకుండానే.

సైమన్ బిత్తరపోయాడు. "అదేందన్నా. మన రెండిళ్ల మధ్య ఏమీ లేదు గదా ఇంక. పెద్దమ్మకి చెబితే..."

"మా అమ్మకి చెబుతావా? ఏమని చెబుతావు? పెద్దరెడ్డి మా అమ్మకి నెలనెలా గింజలు కొలిపించినాడు. నన్ను బడికి పంపినాడు. పండక్కి చీర పంపినాడు. ఆయన చచ్చినప్పుడు మా అమ్మ పోయి కాళ్లు పట్టుకోని ఏడ్చింది, దిక్కులేనిదాన్ని సాకినావు సామీ అని. ఆమెకి ఇప్పుడు ఆ కాళ్లు ఎవురివని చెబుతావు? ఆ తిన్నదంతా ఈ వయసులో కక్కుకోమంటావా?"

"మరి నిజమన్నా అది."

"నిజమే. నేను కాదన్నానా?" అన్నాడు మాల్యాద్రి. "యాభై ఏళ్లు మీ నాయన్ని తిట్టుకున్నాను. నిన్ను చూస్తే కడుపు మండేది. ఆ మంటతోనే బతికినాను. దానికి ఎవురూ నా కూలి ఆపలా, నా ఇల్లు పీకలా. మా నాయన్ని చంపింది మీరనుకుంటే నేను ఈ తోటలో నీళ్లు కట్టగలను. వాళ్లనుకుంటే రేపొద్దున ఏ మొహం పెట్టుకోని మోటారు ఏసేది? చెప్పరా. ముల్లు పోయి ఆకు మీద పడినా, ఆకు పోయి ముల్లు మీద పడినా చిరిగేది మనమే. అబ్బయ్యకి చెప్పినావు గదా. ఏమన్నాడు?"

"పోయినోళ్లందరూ మంచోళ్లే అన్నాడు."

మాల్యాద్రి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఎండ ఎక్కుతోంది.

"చిన్నమ్మ గంజి కూడా తాగడం లేదంట. జెస్సీ బోరింగు కాడ చెబుతుంటే మా ఇంటిది వినింది," అన్నాడు తర్వాత, వేరే గొంతుతో.

"అక్క అక్క అంటా ఉండాది. బల్ల తీసుకోకుండా పోతానని ఏడుస్తా ఉండాది."

"మా అమ్మ కూడా ఎదురుచూస్తా ఉండాదిరా. ఆమెకి పంతం లేదు. మీ నాయన పోలీసులకి చెప్పినాడు, జడ్జికి చెప్పినాడు, సంఘానికి చెప్పినాడు. మా అమ్మని మాత్రం ఎవురూ అడగలా. మీ ఇంట్లో ఒక్కరన్నా వచ్చి, మా వల్ల తప్పయింది, క్షమించమని అడగలా. దానికోసమే కూసోనుండాది. ఆ మాట ఒక్కటి పడితే ఆమే లేచి చెల్లెలి దగ్గరికి పోతది."

సైమన్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గట్టు మీది గడ్డిపరక పీకి వేళ్లతో చుట్టసాగాడు.

"చేయని తప్పు ఒప్పుకోమంటున్నావు."

"నీకు పెద్దమ్మ కావాల్నా, నిజం కావాల్నా? రెండూ కావాలంటే మన చేతిలో లేదు. రేపు బల్ల ముందు అడుగు. నేను మా అమ్మని తీసుకొస్తా." మాల్యాద్రి లేచి పార అందుకున్నాడు. పోతున్న సైమన్‌ను మళ్లీ పిలిచాడు. "రేయ్ సైమా. ఈ మాట మళ్లీ మన ఇద్దరి మధ్య కూడా అనొద్దు. నేను మర్చిపోవాల."

నిమ్మతోట దాటి, వాగు దాటి, సైమన్ ఇంటికి ఎట్లా చేరాడో అతనికి తెలియదు. నాయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఎందుకు ఒప్పుకున్నావు? ఏమిస్తామన్నారు నీకు? ఏమీ ఇవ్వలేదని సైమన్‌కు తెలుసు. ఒక గుంట నేల రాలేదు, గోడకొక ఇటుక రాలేదు. పొమ్మన్నారు, పోయాడు. తుపాకి మొయ్యమంటే మోసినట్టే ఇదీ మోశాడు. ఇంత చేతకానివాడా నాయన అనుకుంటే ఏడుపు వచ్చింది. జెస్సీ గంజి గిన్నెతో ఎదురొచ్చింది. గిన్నె నిండుగా ఉంది.

"ఒక్క గుటక కూడా పోలేదు. రేపటిదాకా ఉంటదంటావా?" అంది మెల్లగా.

*

ఆదివారం చర్చి నిండింది. శీనమ్మను నులకమంచంతో సహా తెచ్చి ఆడవాళ్ల వరసలో గోడవారగా దించారు. జెస్సీ తలగడ ఎత్తుపెట్టి ఆమె తల నిలబెట్టింది. ఆ చివర మార్తమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. చెల్లెలి కంటే నాలుగేళ్లు పెద్దదైనా మనిషి గట్టిగానే ఉంది. మాల్యాద్రి మగవాళ్ల వరసలో చివర, స్తంభం వెనక నిలబడ్డాడు. అయ్యగారు ప్రసంగం ముగించి, బల్ల మీది తెల్లటి గుడ్డ తీశాడు. ఎప్పటిలాగే, ఎవరికైనా ఎవరితోనైనా సమాధానం లేకపోతే ఇప్పుడే సమాధానపడండి అన్నాడు. ఎప్పుడూ ఆ మాట తర్వాత కొంచెం దగ్గులు వినిపిస్తాయి, పళ్లెం కదులుతుంది.

సైమన్ లేచాడు. అతను ఎందుకు లేచాడో తెలియక పక్కవాళ్లు పంచె పట్టి లాగబోయారు. అతను ముందుకు నడిచి బల్ల దగ్గర నిలబడ్డాడు. మాటలు రాత్రే కూర్చుకున్నాడు. కాళ్ల దగ్గర నేల చూస్తూ నిలబడ్డాడు.

"మా నాయన రమణయ్య," అని ఆగాడు. "మా నాయన రమణయ్య చేతిలో తుపాకి పేలి మా పెదనాయన ఏసోబు చనిపోయినాడు."

పేలి అన్న మాట దగ్గర కళ్ల ముందు బెజ్జం కనిపించింది. జైలు నుంచి వచ్చిన రోజు ఇంట్లోకి రాకుండా వాకిట్లో కూర్చున్న నాయన వీపు కనిపించింది. ఆ మనిషిని ఇప్పుడు రెండోసారి, కన్నకొడుకు చేతులతో, అందరి ముందూ ముద్దాయిని చేస్తున్నాడు. కన్నీళ్లు ఆగలేదు.

"ఆ తప్పు మా ఇంటిది. ఇన్నేళ్లలో మేము మా పెద్దమ్మ గడప తొక్కి ఒక్క మాట అడగలా. ఈ పొద్దు అడుగుతుండాను. మమ్మల్ని క్షమించు పెద్దమ్మా."

మార్తమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. ఎవరో పట్టుకోబోతే వద్దంది. ఆడవాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు. చాపల మీదుగా నడిచి వచ్చి ఆమె మంచం పట్టె మీద కూర్చుంది. "శీనా," అంది. శీనమ్మ చెయ్యి ఎత్తి అక్క ముఖం తడిమింది, గుడ్డివాళ్లు తడిమినట్టు. ఇద్దరూ ఏడ్చారు. చర్చిలో ఏడవనివాళ్లు లేరు. పళ్లెం వచ్చినప్పుడు మార్తమ్మే రొట్టె ముక్క తుంచి, చెల్లెలి నోట్లో పెట్టింది. శీనమ్మ నమిలింది. మెల్లగా, కళ్లు మూసుకుని నమిలి మింగింది. ద్రాక్షారసం గ్లాసు కూడా ఖాళీ చేసింది. ఆమె ముఖం అంత తేటగా ఉండటం కొడుకు తన జీవితంలో ఎన్నడూ చూడలేదు. ఈ ముఖం కోసం ఏం చేసినా తప్పు లేదని అతను మనసుకు నచ్చజెప్పుకున్నాడు. మనసు వినలేదు.

ఆరాధన అయ్యాక జనం సైమన్ చుట్టూ చేరారు. పెద్ద మనసు అన్నారు. తండ్రి పాపం కడిగినావు అన్నారు. అయ్యగారు రెండు చేతులూ పట్టుకున్నాడు. మాల్యాద్రి ఎవరితోనూ మాట్లాడకుండా ముందే వెళ్లిపోయాడు. తోటలో మోటారు వేసే వేళయిందట. మార్తమ్మ మాత్రం మెట్ల దగ్గర నిలబడి సైమన్‌ను దగ్గరికి రమ్మంది. వంగమని సైగ చేసి, చిన్నపిల్లవాడికి పట్టినట్టు గడ్డం పట్టుకుంది.

"ఆ పొద్దు మీ నాయనా ఈడ్నే నిలబడినాడురా," అంది. "అచ్చం నీ మాదిరే. నేల మీదనే చూపు పెట్టుకోని, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా చెప్పి, నీ మాదిరే వలవలా ఏడ్చినాడు. అప్పటిదాకా నాకు ఏదో అనుమానం ఉండె. ఊళ్లో నలుగురు నాలుగు రకాలుగా అనుకుంటా ఉండారు గదా. ఆ ఏడుపు చూసి నమ్మినాను. అబద్ధం చెప్పేవోడికి అట్టాంటి ఏడుపు రాదు గదరా?"

సైమన్ ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. ఆనాడు ఇదే చోట నిలబడిన మనిషి ఎందుకు ఏడ్చాడో ఇన్నేళ్లకు తెలిసింది. తెలిసినా ఆ తండ్రిని ఒక్క మాటతో కూడా వెనకేసుకురావడానికి లేకుండా, ఇప్పుడే తన నోటితో తానే దారి మూసేశాడు.

"రాదు పెద్దమ్మా," అన్నాడు.